బానెట్ మీద చెయ్యి

మా మావయ్య కారు బానెట్ మీద ఒక చెయ్యి ఉండేది. ఎండలో కనపడేది కాదు. మంచు పడ్డ ఉదయాల్లో మాత్రం, నల్లరంగంతా తడికి తెల్లబారి ఉంటే, ఎడమవైపు ఒక్కచోట అరచెయ్యీ అయిదు వేళ్లూ నల్లగా తేలేవి. వేళ్లు అద్దం వైపు ఉండేవి. ఎవరో కారుకి ఎదురుగా నిలబడి దాన్ని ఆపుతున్నట్టు.

దివిసీమలో మా ఊళ్లో పెద్ద చదువు లేక, నన్ను బందరులో మావయ్య ఇంట్లో ఉంచారు. మావయ్య ప్లీడరు. ఆ చెయ్యి మా పెద్దత్తయ్యది. కారు కొత్తగా ఇంటికొచ్చిన రోజు ఆవిడ పసుపు కలిపి దానిమీద చెయ్యి వేసింది. అందరూ నీళ్లతో కలుపుతారు. ఆవిడ నాలుగు కాలాలపాటు ఉండాలని నువ్వులనూనెతో కలిపింది. శుభానికి వేసిన ముద్ర తుడవకూడదు, దానంతటది పోవాల్సిందే అని పట్టుబట్టింది. ఎండలకి నూనె రంగులోకి ఇంకిపోయింది కాబోలు. పసుపు రాలిపోయింది. తర్వాత కొన్నాళ్లకి ఆవిడా జ్వరంతో పోయింది. ముద్ర మాత్రం ఉండిపోయింది.

బందరు గాలికి ఇనుము నిలవదు. సముద్రం మీదనుంచి వచ్చే ఉప్పుతేమ కారు రంగుని కొద్దికొద్దిగా తినేస్తుంది. ఆదివారాలు మావయ్య బనీనుతో, పంచె ఎగగట్టి కారు తనే కడిగేవాడు. రంగు మీద ఏది పూస్తే ఉప్పుగాలి అంటకుండా ఉంటుందన్నదే ఆయన ధ్యాస. ఎవరు ఏది చెప్పినా తెచ్చి పూసి చూడటమే గానీ, ఇదీ అని తేల్చేవాడు కాదు. ప్లీడరుగారు కోర్టులోకంటే కారు దగ్గరే ఎక్కువ వాయిదాలు వేస్తారని ఎదురింటాయన అరుగు మీద కూర్చుని అనేవాడు. మావయ్య నవ్వి ఊరుకునేవాడు.

నేను వచ్చిన ఏడే ఆయన మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. కొత్తత్తయ్యది పెడన. బట్టల మీద అచ్చులు అద్దే ఇల్లు వాళ్లది. నాకంటే కొద్దిగానే పెద్ద. చలికాలం మొదట్లో ఓ తెల్లవారుజామున ముగ్గు వెయ్యడానికి వెళ్లి, ముగ్గుగిన్నె అలాగే పట్టుకుని లోపలికొచ్చేసింది. కారు మీద ఆ చెయ్యి ఎవరిదని ఆయన్ని అడగలేదు. నన్ను అడిగింది. నాకు మాటలు తొందరగా రావు. అయినా ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

ఆ రోజునుంచి ఆవిడ కారెక్కలేదు. కొత్త జంట కదా, కృష్ణ ఒడ్డున శ్రీకాకుళం గుడికి తీసుకెళ్తానని మావయ్య అంటే, బస్సులో వెళ్దామంది. ఇంట్లో కారు పెట్టుకుని ప్లీడరుగారి భార్య బస్సుకోసం నిలబడటం బందరంతా చూసింది. ఎవరేమనుకున్నా ఆవిడకి పట్టలేదు. వంటింట్లో నాతో మాత్రం ఒకసారి అంది.

"ఆవిడ ఆపుతుంటే నేనెలా ఎక్కను, అమ్మాయ్? ఈ ఇంట్లో నేను ఉన్నట్టా, లేనట్టా?"

సరైన పాలిష్ దొరికితే అదే పోతుందని మావయ్య ఆవిడకి మాట ఇచ్చాడు. ఆ చలికాలమంతా మా ఇంట్లో అదే పని. బెజవాడ నుంచి తెప్పించిన డబ్బా మైనం కుడివైపు మడ్‌గార్డుకి పూశాడు. తేనెమైనం, టర్పెంటైన్ కుంపటి మీద కరిగించి వెనక తలుపుకి పూశాడు. గుడివాడ మెకానిక్ చెప్పాడని డిక్కీ మూతకి వార్నిష్ వేస్తే అది పచ్చబడి ఊరుకుంది. పూసినచోటల్లా చెంబుతో నీళ్లు పోసి, చుక్క ముత్యంలా నిలబడుతోందా, పలచగా పరుచుకుంటోందా అని వంగి చూసేవాడు. చెంబు పట్టుకోవడం నా పని. ఎక్కడ చుక్క ఎలా నిలిచిందో రాత్రి డైరీలో రాసుకునేదాన్ని. చెప్పుకోవడానికి నాకు వేరే విశేషాలు ఉండేవి కావు.

చెయ్యి గురించి మాత్రం ఏమీ రాయలేదు. ఒక్కోరోజు వేళ్లు కాస్త విచ్చుకున్నట్టు, ఒక్కోరోజు దగ్గరకి ముడుచుకున్నట్టు ఉండేది. మంచు ఎక్కువ తక్కువల వల్లేనని నాకు తెలుసు. తెలిసినా, పొద్దున్నే పాలకి వెళ్లేటప్పుడు కారు వెనకవైపు నుంచి చుట్టూ తిరిగి వెళ్లేదాన్ని.

ఒకరోజు భోజనాల దగ్గర అత్తయ్య మజ్జిగ వడ్డిస్తూ మెల్లగా అడిగింది.

"అన్నిచోట్లా పూశారు. అక్కడ మాత్రం ఎందుకు పూయలేదండీ?"

అప్పటిదాకా నాకూ తట్టలేదు. తలుపులకీ, పైకప్పుకీ, చక్రాల మీద రేకులకీ పూశాడు. బానెట్ జోలికి వెళ్లనేలేదు. ఏది మంచిదో తేలాక పూద్దామనుకున్నానని మావయ్య అన్నాడు. తేలలేదా అంది ఆవిడ. తేనెమైనమే నయమని ఒప్పుకున్నాడు. మరి, అని ఆవిడ అడగలేదు. ఆయన సగం అన్నం వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు ఆయన కోర్టుకి నడిచి వెళ్లాక అత్తయ్య కుంపటి రాజేసింది. అద్దకంలో రంగు అంటకూడని చోట మైనం వేస్తారుట. అది ఎంత వేడికి ఎంత పలచనవుతుందో ఆవిడకి చిన్నప్పటి నుంచీ అలవాటే. కరిగిన మైనం గిన్నె పట్టుకుని కారు దగ్గరికి నడిచింది. నేను పాత పంచెగుడ్డ పట్టుకుని వెనకే వెళ్లాను. బానెట్ ఎండకి కాలిపోతోంది. చెయ్యి ఎక్కడుందో కనపడటం లేదు. ఆవిడ మాత్రం వెతుక్కోకుండా నేరుగా అక్కడే వేళ్లు ఆనించింది.

"ఇక్కడ చల్లగా ఉంది చూడు."

నేనూ వేలు పెట్టాను. నాకు తేడా తెలియలేదు. తెలియలేదని చెప్పలేదు.

గుడ్డని మైనంలో ముంచింది. తర్వాత బానెట్ మీదకి వంగి, పక్కనున్న మనిషితో అన్నట్టు అంది.

"అక్కయ్యా, నీ చెయ్యి చెరపట్లేదు. పైన కప్పుతున్నానంతే."

సాయంత్రం మావయ్య వచ్చి చూసి, నిగనిగలాడుతోందన్నాడు.

తెల్లవారేసరికి మంచు బాగా దిగింది. నేను గుమ్మంలోకి వచ్చేటప్పటికే మావయ్య కారు ముందు ఉన్నాడు. బానెట్ నిండా చుక్కలు, అన్నీ ఒక్కలాగే, ఈ చివరనుంచి ఆ చివరకి. చెయ్యి లేదు. ఆయన భుజం మీద తువ్వాలుతో ఇటునుంచి వంగి చూశాడు, అటునుంచి వంగి చూశాడు. వేళ్లతో తడిమాడు. నోటితో ఆవిరి ఊది చూశాడు. ముగ్గుగిన్నెతో అత్తయ్య నా పక్కకొచ్చి నిలబడింది. ఆవిడ ముఖంలో నేననుకున్న తెరిపి ఏమీ కనపడలేదు. ఆయన చెయ్యి ఉన్నచోటికి బాగా కుడివైపుకి జరిగి వెతుకుతున్నాడు.

ఆవిడ గిన్నె కింద పెట్టి వెళ్లి ఆయన మణికట్టు పట్టుకుంది.

"అక్కడ కాదండీ. ఇక్కడ."

ఆయన అరచేతిని తెచ్చి సరిగ్గా ఆ చోట ఆనించింది. ఆయన తియ్యలేదు. మంచులో వాళ్లు నాకు సగమే కనపడుతున్నారు.

కాసేపటికి అత్తయ్య చుట్టూ తిరిగి వెళ్లి, ముందు తలుపు తీసుకుని కారులో కూర్చుంది. పెడన వెళ్లి అమ్మని చూసొద్దామంది. మావయ్య తువ్వాలుతో కళ్లు తుడుచుకుని తాళాలకోసం లోపలికి వెళ్లాడు. ఆవిడ అద్దంలోంచి బానెట్‌నే చూస్తూ నన్ను పిలిచింది.

"నువ్వూ రా, అమ్మాయ్. వెనకంతా ఖాళీయే కదా."

నేను వెనక సీట్లోకి ఎక్కాను. పక్కన ఇంకొకరికి చోటు ఉండేలా కిటికీ పక్కకి బాగా ఒదిగి కూర్చున్నాను. పెడన వచ్చేదాకా మధ్యలోకి జరగలేదు.