బల్లిని మరిచిపోయిన కవి

మన కవికి ఉన్న జబ్బు ఒక్కటే, మాటలు మరిచిపోతాడు. ఈతగాడికి నీళ్లంటే భయం పుట్టినట్టన్నమాట.

పొట్ట చేతపట్టుకుని పరాయి దేశం వచ్చి, లిఫ్టులు బాగుచేస్తూ, తీరిక దొరికితే కవిత్వం రాసేవాడు. పొద్దున్నే టీ గ్లాసుతో కూర్చుని, సొంతూళ్లో పక్షవాతం నుంచి కోలుకుంటున్న అక్కకి ఫోన్ చేసేవాడు.

"అక్కా, గోడ మీద పాకుతుందే, తోక ఊడినా పట్టించుకోదు, దాన్నేమంటాం?"

అవతల జవాబు వినేసి, "ఆఁ, బల్లి!" అని పొంగిపోయేవాడు. మర్నాడు దువ్వెన. ఒకరోజైతే ఒళ్లో దిండు పెట్టుకునే దిండు పేరు అడిగాడు.

వాళ్లావిడ గుండెల్లో రాయి పడింది. ఇవాళ బల్లిని మరిచినవాడు రేపు లిఫ్టులో బోల్టు బిగించడం మరిస్తే? ఆవిడ లిఫ్టు మానేసి, ఆయాసపడుతూ మెట్లెక్కసాగింది. తలుపుకి, కుర్చీకి, చెంచాలడబ్బాకి పేర్లు రాసి చీటీలు అంటించింది. ఎందుకైనా మంచిదని తన భుజానికీ 'భార్య' అని ఒకటి అంటించుకుంది.

ఇంతలో లైబ్రరీలో ఆయన కవితా పఠనం వచ్చిపడింది. ఆయన మాట మరిచిపోతే అందించడానికి ఆవిడ కవిత కాగితం పట్టుకుని, గోళ్లు కొరుక్కుంటూ ముందు వరసలో కూర్చుంది. ఆయన కళ్లజోడు జేబులో పెట్టేసి పొడుగాటి కవితని చూడకుండానే గడగడా చదివేశాడు. అందులో బల్లి కూడా వచ్చింది, తోకతో సహా.

బస్టాపులో ఆవిడ నిలదీసింది. "నిజం చెప్పండి. మతిమరుపా, నాటకమా?"

ఆయన తల గోక్కున్నాడు. నోరు సరిగ్గా తిరగడం లేదన్న సిగ్గుతో అక్క ఇంట్లో ఎవరితోనూ మాట్లాడ్డం లేదట. మాట్లాడుతుంటేనే మాటొస్తుందని డాక్టరు అన్నాడట. బాగున్నావా అని అడిగితే ఫోన్ పెట్టేస్తుందట.

"నాకేదైనా తెలీదంటే మాత్రం చెప్పకుండా ఊరుకోలేదు. చిన్నప్పట్నుంచీ అంతే."

"నాకు చెప్తే మీ సొమ్మేం పోయేది?"

"నువ్వు జాలిపడతావు. ఆ జాలి వినబడితే అక్క మళ్లీ నోరు మూసేస్తుంది."

 తెల్లారగానే ఆవిడ ఆయన చేతిలోంచి ఫోన్ లాక్కుంది. జాలి వినబడనీకుండా మామూలుగా అడిగింది.

"వదినా, టీ వడగట్టేదాన్ని ఏమంటారు?"

అవతల చప్పుడు లేదు. ఫోన్ పెట్టేసిందేమోనని ఇద్దరికీ ప్రాణం గిలగిల్లాడింది. అప్పుడు వినిపించింది, ఒక్కో మాటా ఈడ్చుకుంటూ.

"మీ... ఇద్దరికీ... మతి... పోయిందా?"

రోజుకో ముక్క తప్ప పలకని అక్క నోట అంత పొడుగు మాట విని కవి సంతోషంతో టీ ఒలకబోసుకున్నాడు. వాళ్లావిడ ఫోన్‌కి చెయ్యి అడ్డంపెట్టి గుసగుసలాడింది.

"రేపు కూడా నాదే వంతు. గొడుగు మరిచిపోతాను."