ఉసిరిచెట్టు తరఫున ఇచ్చిన మాట

ఇవాళ చిక్కడపల్లి మార్కెట్లో కొత్త ఉసిరికాయలు కనిపించాయి. ఇంటికి తెచ్చి ఒకటి కొరికితే పళ్ళు పులిసిపోయాయి. ఆ పులుపు గొంతు దిగకముందే యశోదమ్మ టీచర్ మాట చెవిలో పడినట్టయింది: "మొఖం గట్ల పెట్టకు దొరసానీ. నీళ్ళు తాగు, తియ్యగుంటది."

తొంభైల మొదట్లో, నాకు ఆరేళ్ళప్పుడు, అశోక్‌నగర్‌లో ఆవిడ ఇంటి వెనక భాగంలో కిరాయికి దిగాం. అంతకుముందు మావాళ్ళకు ఊళ్ళో కోటలాంటి గడి, నారాయణగూడలో బంగళా ఉండేవి. రెండూ పోయాయి. పోనిది నాయనమ్మ నిటారు నడుమొక్కటే. "ఎవరి ముందు చెయ్యి చాపొద్దు, ఎవర్నీ బతిమాలొద్దు" అని జడ వేస్తూ చెప్పేది. మా ఇంట్లో "తెలియదు" అన్న మాట కూడా ఎవరి నోటా వచ్చేది కాదు. అడిగినదానికి జవాబు లేకపోవడం నామోషీ అని మా లెక్క.

ఆ ఇంటి పెరట్లో ఒక ఉసిరిచెట్టు ఉండేది. ఏపుగా పెరిగినా ఎన్నడూ కాయలేదు. ఆ కార్తీకంలో టీచర్ గొడ్డలి పట్టుకుని దాని ముందు నిలబడి, నన్ను చెట్టు వెనక నిలబెట్టింది. కాయని చెట్టును ఒకరు అలా బెదిరించడం, ఇంకొకరు దాని తరఫున బతిమాలడం మా వైపు ఆనవాయితీ.

"కాస్తవా, కొట్టెయ్యమంటవా?" అంది టీచర్ చెట్టుతో.

నేను చెట్టు పక్కనుంచి తొంగి చూశాను.

"అనరాదా బిడ్డా? 'కొట్టకుండ్రి, వచ్చే ఏడు కాస్త' అని అను."

"మేము ఎవర్నీ బతిమాలం."

"నువ్వెందుకు? చెట్టు బతిమాలుతది."

"కాస్తది," అన్నాను చివరికి. "నేను చెప్తున్న కద. గొడ్డలి లోపట పెట్టుండ్రి."

ఆవిడ గొడ్డలి దించి నవ్వింది. "బతిమాలమంటే హుకుం చేస్తున్నది. సరే, మాటిచ్చినవ్. చూస్కో మరి."

కిటికీలోంచి విన్న నాయనమ్మ, అన్నం పెడుతూ "మన ఇంట్ల మాట తప్పినోళ్ళు లేరు" అని మాత్రం అంది. చెయ్యి కడుక్కోగానే పోయి చెట్టును చూసొచ్చాను.

అప్పట్నుంచి బడి వదలగానే చెట్టు దగ్గరికే. టీచర్ పక్కన పీట వేసుకునేది. చలికాలం చివర సన్న రెమ్మలు ఆకులతో సహా ఈకల్లా రాలిపోయాయి. "చచ్చిపోయిందా?" అని అడిగితే ఆవిడ కొమ్మను గోటితో గీకింది. లోపల పచ్చగా ఉంది. ఎండలు ముదరకముందే కొత్త రెమ్మలు వచ్చాయి, వాటి మొదట్లో ఆవగింజలంత పూలు, చుట్టూ తేనెటీగల రొద. గల్లీ అంతా తిరిగి మా చెట్టు కాస్తుందని చెప్పొచ్చాను. కొద్దిరోజులకే పూలన్నీ రాలి నేలంతా పరుచుకున్నాయి. కొమ్మల మీద ఒక్క పిందె లేదు.

"పూసింది కద టీచరమ్మా. కాయలేవి?"

ఎంతోమంది పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి తడుముకోకుండా అంది: "తెల్వదు బిడ్డా. నాక్కూడ సమజైతలేదు. చూద్దాం."

పెద్దవాళ్ళు ఆ మాట అంత నిబ్బరంగా అనగా నేనెప్పుడూ వినలేదు. ఆవిడ మొహంలో నామోషీ లేదు సరికదా, కళ్ళు మెరుస్తున్నాయి. నా మాట నెగ్గుతుందా లేదా అన్న బెంగ పోలేదు గానీ, దాని పక్కన ఇంకేదో వచ్చి కూర్చుంది. ఇంతకీ ఆ చెట్టు ఏం చేస్తోంది?

నాలుగు వానలు పడ్డాక ఒక సాయంత్రం, పూలు రాలిన చోటే, కొమ్మను కరుచుకుని మిరియాలంత పచ్చటి కాయలు కనిపించాయి.

"ఇన్ని దినాలు ఏడ దాక్కున్నయే ఇవి?" అంది టీచర్.

"తెల్వదు," అన్నాను. ఆ మాట అన్నా ఏమీ కాలేదు.

పూసినప్పుడే కట్టిన పిందె వానల దాకా కంటికి ఆననంత చిన్నగా నిద్రపోతుందని చాలా ఏళ్ళకు తెలిసింది. అప్పటికి టీచర్ లేదు. ఉంటే "నిజమేనా? చూద్దాం పా" అని పీట తీసుకుని బయల్దేరేది.

కార్తీకానికి గుప్పెడు కాయలే నిలిచాయి. మొదటిది కోసి టీచర్ నా ముందు పట్టుకుంది. కిటికీలో నాయనమ్మ ఉంది. నేను రెండు చేతులూ చాపాను.

నాయనమ్మ అక్కణ్ణుంచే "నాకొకటి అడుగు బిడ్డా" అంది.

నా నడుము ఇప్పటికీ నిటారే. అది మా ఇంటిది. తెలియనిదాన్ని తెలియదని చెప్పి, ఇంకొంచెం దగ్గరికి జరిగి చూడడం మాత్రం ఆ పెరట్లో అబ్బింది. ఉసిరికాయ తిన్నాక నీళ్ళు ఎందుకు తియ్యగా ఉంటాయో నాకింకా తెలియదు. ఇవాళ మళ్ళీ తాగి చూశాను.