విప్పి చూపిన కిరణతుపాకి

మొన్న మా మనుమరాలి పుట్టినరోజుకు ఏదైనా కొనిద్దామని వరంగల్ మట్టెవాడలో ఒక బొమ్మల దుకాణానికి వెళ్లాను. దుకాణం అతను వెండిరంగు తుపాకి ఒకటి తీసి మీట నొక్కగానే దాని మూతిలో నీలి వెలుగు గిర్రున తిరిగింది, కడుపులోంచి ఏదో వాహనం ఆకాశంలోకి లేస్తున్నంత చప్పుడు వచ్చింది. పాత అలవాటు కొద్దీ నేను దాన్ని తిరగేసి మరలు ఎక్కడున్నాయా అని వెతుకుతుంటే అతను గాబరాపడి, "అమ్మా, ఇప్పొద్దు. ఇప్పితే వారంటీ పోతది" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. ఇలాంటి మాటే, వారంటీ అన్న పదం లేకుండా, చాలా ఏళ్ల కిందట నెక్కొండ స్టేషన్లో విన్నాను.

ఆ రోజుల్లో సాయంత్రమైతే ఎక్కడో ఒకచోట వాదన సాగుతుండేదన్న సంగతి మన తరంవాళ్లకు గుర్తుండే ఉంటుంది. దేవుడున్నాడా, కులం ఎట్లా పోతుంది, ఆడపిల్లకు ఆస్తి ఎందుకివ్వరు, ఇలా చాయ్ చల్లారిపోయేదాకా మాట్లాడుకునేవాళ్లం. మా అన్న ఆ వాదనల్లోనే పెరిగాడు, నన్నూ వాటిలోకి లాగాడు. పగలు ఎనుమాముల మార్కెట్లో మిర్చి కాంటాల దగ్గర పనిచేసి, ఒంటినిండా ఘాటుతో తుమ్ముకుంటూ వచ్చి, సాయంత్రం మా మేనత్త ఇంటి ముందుగదిలో నాటకాలు ఆడించేవాడు. మేనత్తేమో చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. దేవుడు లేడనే మేనల్లుడికి గది ఇచ్చి, చాయ్ పెట్టి, వాడి మనసు మారాలని వాడి ఎదుటే ప్రార్థన చేసేది. "ఇంకా నా నంబరు రాలే గద అత్తమ్మా" అని అన్న వేళాకోళం చేస్తే, "వస్తది కొడుకా, నీకంటె మొండోళ్లు లైన్ల ముందున్నరు" అనేది.

అన్న తన నాటకాల కోసం ఒక లోకాన్నే కట్టుకున్నాడు. అందులో చల్లారిపోతున్న ఒక సూర్యుడు, చుట్టూ కొన్ని గ్రహాలు, మిగిలిన ఎండనంతా గుమ్మిలో వడ్లలాగా దాచుకున్న ఒక ప్రభువు, ఆ ఎండ అందరిదీ అని తిరగబడ్డ మనుషులు ఉండేవారు. రెండు పక్షాల చేతుల్లోనూ ఉండే ఆయుధమే కిరణతుపాకి. పగలు ఎండలో పెడితే అది నిండుతుంది, పేల్చినకొద్దీ ఖాళీ అవుతుంది, ఖాళీ అయ్యాక ఎంతటి వీరుడైనా మళ్లీ పొద్దు పొడిచేదాకా మామూలు మనిషే.

మా బృందానికి ఒక ఆచారం ఉండేది. కల్పించిన వస్తువు ఏదైనా వేదిక ఎక్కేముందు వాదనలో నెగ్గాలి. కల్పించినవాడు దాని పక్షాన నిలబడితే, మిగతా వాళ్లమంతా ప్రతిపక్షం. అంత ఎండ ఆ చిన్న గొట్టంలో ఎట్లా పడుతుంది, పట్టుకున్న చెయ్యి ఎందుకు కాలదు అని ఒకరి తర్వాత ఒకరం అడిగేవాళ్లం. అద్దం అడ్డం పెడితే కిరణం తిరిగి పేల్చినవాడికే తగలదా అన్నది నా ప్రశ్న. అన్నకు చాలారోజులు జవాబు దొరకలేదు, చివరికి ఆ ప్రశ్ననే నాటకానికి ముగింపు చేసి, ప్రభువును అతని అద్దాల మేడలో అతను పేల్చిన కిరణంతోనే పడగొట్టాడు. మొదట్లో ఆ తుపాకికి మనిషిని బూడిద చేసే మీట కూడా ఉండేది. చచ్చినవాడు వాదనలో ఓడినట్టు కాదు, వాడికి జవాబు చెప్పే అవకాశం పోయినట్టు మాత్రమేనని నేను గట్టిగా పట్టుబట్టి ఆ మీట తీయించాను, కాసేపు స్పృహ తప్పించే మీట ఒక్కటే మిగిలింది. లోపల ఉల్లిగడ్డలు కోస్తున్న మేనత్త "ఆమెన్" అన్నది. అన్న అంతగా నొచ్చుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఆయుధం తయారీ మాత్రం సైన్సు కంటే సంసారానికి దగ్గరగా ఉండేది. పొడుగాటి టార్చిలైటు ఒకటి, మీటకు సైకిల్ బ్రేకు, రంగురంగుల జిలెటిన్ కాగితాలు అంటించిన చక్రం, ఆ చక్రాన్ని తిప్పడానికి పాత అలారం గడియారంలోని స్ప్రింగు, పైన మేనత్త క్రిస్మస్ నక్షత్రానికి కొని దాచుకున్న వెండి కాగితం. మీట నొక్కితే వెలుగు ఎరుపు నుంచి నీలానికి మారుతూ దూసుకుపోయేది. తెర వెనక నా స్నేహితురాలు స్టీలు పళ్లెం మీద గరిటెతో గీరితే ప్రేక్షకుల పళ్లు పులిసేవి. కాపలావాడి వేషం వేసిన మా చిన్నాన్న కొడుకు మాత్రం ఎన్నిసార్లు పేల్చినా పడేవాడు కాదు, "అంగి మొన్ననే ఉతికిన, నిలబడే సోయి తప్పుత" అనేవాడు.

అప్పుడే నాకు నెక్కొండ దగ్గరి ఒక ఊళ్లో సైన్సు టీచరుగా ఉద్యోగం వచ్చింది. నా తరగతిలో చురుకైన పిల్ల ఒకతి ఉండేది, నేను చాక్‌పీసు పట్టకముందే ప్రశ్న పట్టుకుని లేచేది. ఆ పిల్లకు మూర్ఛ వచ్చేది. ఒకసారి బడిలోనే పడిపోయాక వాళ్లమ్మ గాలి సోకిందని బడి మాన్పించి, పక్క ఊరి మంత్రగాడి చేత మెడలో తాయత్తు కట్టించింది. వరంగల్ దవాఖానకు తీసుకుపోదాం రమ్మని నేను వాళ్లింటికి ఎన్నోసార్లు తిరిగాను. ఆమె కోపగించుకోలేదు, పీట వేసి మజ్జిగ ఇచ్చేది, రానని మాత్రం అనేది. మూర్ఛ వచ్చినప్పుడు పిల్ల బావి గట్టు మీదో పొయ్యి పక్కనో ఉంటే ఏమవుతుందో తలచుకుంటే నాకు అన్నం సయించేది కాదు. మా నాటకం చూస్తే ఆ తల్లిలో ఏదో కదలొచ్చన్న ఆశతోనే అన్న బృందాన్ని ఆ ఊరికి పిలిపించాను, వాళ్లతో మేనత్త కూడా వచ్చింది.

పొద్దు గూకే వేళ బడి ఆవరణలో నాటకం మొదలైంది. ఆచారం ప్రకారం అన్న ముందుగా శాస్త్రవేత్త వేషంలో వచ్చి, తుపాకి గురించి ఎవరేమడిగినా చెప్తానన్నాడు. రైతులు అడిగిన ప్రశ్నలు మా ముందుగది వాదనలకు ఏమాత్రం తీసిపోలేదు. మబ్బు పడితే ఎట్లా, తడిస్తే పనిచేస్తుందా, పశువు అడ్డం వస్తే ఏం గాను అని వాళ్లు అడగడం, ప్రతి ప్రశ్నకూ అన్న తడుముకోకుండా జవాబివ్వడం, నేను గర్వంతో పొంగిపోవడం. ఇదంతా కల్పనేనని చెప్పాలన్న సంగతి మాత్రం మూఢనమ్మకాలను తరిమికొట్టడానికి బయలుదేరిన మాలో ఒక్కరికీ తట్టలేదు.

మరునాడు పొద్దున నెక్కొండ స్టేషన్లో ప్యాసింజరు కోసం కూర్చున్నాం. ఆ తల్లి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. దవాఖానకు బయలుదేరిందనుకుని నేను ఎదురు పోయాను. ఆమె నన్ను దాటి అన్న ముందు నిలబడి చేతులు జోడించింది.

"సారూ, రాత్రి అంత మంచిగ చెప్పినవ్. జర ఆ లైటు మా బిడ్డ తలకాయ మీద పెట్టు. లోపలున్నది కాలిపోతదేమో."

అంతలో సిగ్నల్ పడింది. మేనత్త నన్ను పక్కకు లాగి, "పెడితే ఏంబోతది బిడ్డా? లైటు పెట్టుండ్రి, మిగిలిన వైద్యం వరంగల్‌ల ఉన్నదని చెప్పి రైలెక్కియ్యుండ్రి. పిల్ల బతుకుతది" అన్నది. ఆమె మాటలో దయ ఉంది. ఒప్పుకుందామని నాకూ ఒక్క క్షణం అనిపించింది. కానీ ఇవాళ మా లైటును నమ్మి రైలెక్కిన మనిషి, రేపు డాక్టరు ఇచ్చే గోళీలు వేయాలో వద్దో తేల్చుకోవడానికి మళ్లీ ఏ లైటు దగ్గరకు పోతుందో ఎవరికి తెలుసు?

అన్న వాదించలేదు. సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీసి, బెంచీ మీద తుపాకిని పడుకోబెట్టి, ఒక్కొక్క మరా విప్పడం మొదలుపెట్టాడు. "చూడక్కా, ఇది టార్చిలైటు. ఇది సైకిల్ బ్రేకు. ఇది మా అత్తమ్మ నక్షత్రం కాగితం. గీ తుపాకి ఉత్తదే. మేం కథ చెప్పినం, అంతే. దీంతోటి మీ పిల్ల రోగం పోదు." అతని ప్రాణమంతా ఆ బొమ్మలో ఉండేది, బృందంలో మాకు కూడా ముట్టుకోవడానికి ఇచ్చేవాడు కాదు. ఆ తల్లి వంగి ప్రతి ముక్కనూ చూసింది. పిల్ల తన అలవాటు ప్రకారం, చక్రం ఎట్లా తిరుగుతుందని అడిగింది. చూపించబోతుంటే స్ప్రింగు ఎగిరి పట్టాల మీద పడింది. రైలు దాని మీదుగానే వచ్చి ఆగింది.

ఆమె ఇక వెనక్కి వెళ్లిపోతుందనుకున్నాను. కొంగుతో పిల్ల ముఖం తుడిచి, మెడలోని తాయత్తును వేలితో పైకెత్తి, "తాయత్తు కట్టినాయిన ఇప్పొద్దన్నడు. ఇప్పితే శక్తి పోతదన్నడు. మీరేమో అడగకముందే ఇప్పి చూపెడితిరి. పా టీచరమ్మా, రైలెక్కుదాం" అన్నది.

మేనత్త ముక్కలన్నీ కొంగులో మూటగట్టుకుని రైలెక్కింది. దవాఖానలో డాక్టరు రోజూ వేయాలంటూ గోళీలు రాసిచ్చారు, ఆ తల్లి ఒక్క పూట కూడా తప్పనివ్వలేదు, కొన్ని నెలలకు పిల్ల మళ్లీ నా తరగతిలో ప్రశ్న పట్టుకుని లేచింది. ఆ తర్వాత మేం ఎక్కడ ఆడినా చివరి రంగం స్క్రూడ్రైవర్‌దే. ఆ పాత స్ప్రింగుకు సాటి వచ్చేది దొరకక అన్న చక్రాన్ని బొటనవేలితోనే తిప్పేవాడు. జనం నాటకం కంటే ఆ విప్పడం కోసమే కూర్చునేవాళ్లు.

ఇప్పుడు అన్న లేడు, మేనత్త లేదు, ఆ ముందుగదిలో మొబైల్ దుకాణం ఉంది. వాదనలు పోలేదు గానీ, అవతలివాడి ముఖం చూస్తూ చేసేవి పోయాయి. నా ఫోనుకు రోజూ శక్తి కంకణాల గురించి, విశ్వకిరణాల గురించి సందేశాలు వస్తాయి, అన్నీ సైన్సు అంగీ తొడుక్కున్నవే, ఎవరూ వాటిని బెంచీ మీద పడుకోబెట్టి మరలు విప్పరు. బొమ్మలు కూడా జిగురుతో మూసుకుని వస్తున్నాయి.

ఇంటికి వచ్చాక మనుమరాలు కొత్త తుపాకిని కాసేపు పేల్చి, "అమ్మమ్మా, లోపల ఏమున్నది?" అని అడిగింది. నాకు తెలియదు, చూపించలేను. బీరువాలోంచి అన్న తుపాకి తీసి, దాంతోపాటు ఒక స్క్రూడ్రైవర్ పిల్ల చేతికిచ్చాను. ఆ టార్చి వెలిగి ఎన్నో ఏళ్లయింది, వెండి కాగితం నల్లబడింది. మరలు మాత్రం ఇంకా తిరుగుతున్నాయి.