వానలో కేక ఎంత దూరం వినబడుతుంది

పోయిన నెల ఒక మధ్యాహ్నం పిన్ని ఫోన్ చేసింది. "మీ బాబాయి భోజనానికి లేవట్లేదే. నువ్వొకసారి వచ్చి పిలువు," అంది. గొంతులో ఏడుపు లేదు. మా ఇల్లు రెండు వీధుల అవతలే. నేను వెళ్లేసరికి బాబాయి వరండాలో పడక్కుర్చీలో కాళ్లు చాపుకుని, మెడ ఒక పక్కకి వాల్చి ఉన్నాడు. పిలిచాను. నా పిలుపుకైనా లేస్తాడేమోనని పిన్ని నన్నే చూస్తూ నిలబడింది. డాక్టరు వచ్చి చెప్పేదాకా మా ఇద్దరిలో ఎవరమూ ఆ మాట అనలేదు. ఏదో ఒక గాలివానలో ఈయనకేదో అవుతుందని ఇన్నేళ్లూ భయపడ్డాం. ఎండ మండిపోతూ, ఆకు కూడా కదలని రోజున వెళ్లిపోయాడు.

బాబాయి మా నాన్నకి తమ్ముడు. నూజివీడులో మామిడికాయల వ్యాపారం. పూత మీదే తోటల కాపు కొనడం, కోయించడం, లారీలకి ఎత్తించడం, ఇదే ఆయన బతుకు. చిన్నరసం తినేటప్పుడు తను మాట్లాడేవాడు కాదు, పక్కవాళ్లని మాట్లాడనిచ్చేవాడూ కాదు. సీజను అయిపోగానే బుల్లెట్ వేసుకుని ఒక్కడే ఎటో పోయేవాడు. ఎవరైనా తోడొస్తామంటే, "ఇద్దరైతే మన మాటలే వినబడతాయి, దారి వినబడదు," అనేవాడు.

కొన్నేళ్ల కిందట ఎగుమతి వ్యాపారులతో కలిసి ఫ్రాన్సులో పళ్ల మార్కెట్ చూడడానికి వెళ్లాడు. మిగతావాళ్లంతా తిరిగొచ్చారు, ఈయన రాలేదు. అక్కడే బైకు అద్దెకి తీసుకుని, చిన్న టెంటు కొనుక్కుని, దక్షిణాన కొండల వైపు బయల్దేరానని ఫోన్లో చెబితే పిన్ని గుమ్మంలోంచే దెబ్బలాడింది.

"ఆ వానల్లో, ఆ చలిలో, భాష రాని దేశంలో ఏం చూద్దామనండీ?"

"వాన మన ఊళ్లో పడదా ఏంటి?" అన్నాడట.

అక్కడి వాన వేరు అని తర్వాత నాతో ఒప్పుకున్నాడు. మన వాన వచ్చి, కొట్టి, పోతుంది. అది రోజుల తరబడి పట్టుకుని వదల్లేదట. గ్లవ్స్‌లో నీళ్లు, బూట్లలో నీళ్లు, హెల్మెట్ అద్దం నిండా ఆవిరి. ద్రాక్షతోటల మధ్య మనిషన్నవాడు కనిపించని రోడ్లు. సాయంత్రమయ్యేసరికి ఎక్కడో ఒకచోట టెంటు వేసుకుని, రొట్టెలో పిన్ని కట్టిచ్చిన మాగాయ పెట్టుకుని తినేవాడు. అలాగే బాగుంది అనుకున్నాడు, ఆ ఏటి ఒడ్డు దాకా.

ఆ సంగతి నాకు ఒక్కసారే పూర్తిగా చెప్పాడు. నూజివీడులో ఆయన కాయల షెడ్డు రేకుల మీద వాన మోగుతోంది. గిరాకీ లేదు. నేను అడగకుండానే మొదలుపెట్టాడు.

"సీజను కాదని మూసేసిన క్యాంపు స్థలం అమ్మా అది. ఏటి పక్కన చదునుగా ఉందని టెంటు వేశాను. చీకటి పడబోతుంటే ఎవరో దబదబా కొట్టారు. జిప్పు తీస్తే ఒక ముసలాయన. పసుపు రెయిన్‌కోటు, చేతిలో టార్చి. ఏదో అరుస్తున్నాడు. స్థలం ఆయనదేమో, తిడుతున్నాడేమో అనుకుని 'సారీ, సారీ' అంటూ కూర్చున్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని బయటికి లాగాడు. ఏటి ఎగువకి చూపించాడు. అప్పుడు వినబడింది నాకు, నీళ్ల చప్పుడు."

బాబాయి సంచీ భుజాన వేసుకుని, బండిని తోసుకుంటూ పైన రోడ్డు మీదికి ఎక్కాడు. తిరిగి చూస్తే ముసలాయన సన్నటి చెక్కవంతెన మీద అవతలి గట్టుకి వెళ్తున్నాడు. టార్చి వెలుగు ఊగుతోంది. బాబాయి చెయ్యెత్తాడు. ఇంతలో వాన తెరలా కమ్మేసింది. కాసేపటికే టెంటు వేసిన చోటంతా నీళ్లు. తెల్లవారాక చూస్తే వంతెన లేదు.

"ఆయన దాటాడో లేదో నేను చూళ్లేదమ్మా," అన్నాడు.

చుట్టూ తిరిగి అవతలి ఊళ్లకి వెళ్లాడు. పసుపు కోటు అని సైగలు చేస్తే, అక్కడ అందరికీ పసుపు కోట్లే. చివరికి ఎవరో ఒక ఇల్లు చూపించారు. తాళం వేసి ఉంది. పక్కింటావిడ చెయ్యి గాల్లో దూరంగా విసిరి ఏదో చెప్పింది. "ఊరెళ్లాడనా? పోయాడనా? ఆ చెయ్యి ఏం చెప్పిందో ఇప్పటికీ తెలీదు." ఆ ఊరి పంచాయతీ ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కోమని పారిస్‌లో ఉండే ఒక తెలుగాయన్ని బతిమాలాడు. మాకేమీ తెలియదన్నారట వాళ్లు. ఈలోగా విమానం రోజు వచ్చేసింది.

తిరిగొచ్చిన బాబాయి పాత బాబాయే, వాన లేనప్పుడు. చినుకు పడితే మాత్రం మాట మధ్యలో ఆపి తల పక్కకి తిప్పేవాడు. "ఎవరో పిలిచారు" అని గేటు దాకా వెళ్లి, తడిసి వచ్చేవాడు. ముసలాయన అరిచిన మాటల్ని శబ్దంగా గుర్తుపెట్టుకుని, అవి పోకుండా లోపల్లోపల అనుకుంటూ ఉండేవాడు. ఒక పెళ్లిలో, పుదుచ్చేరిలో ఫ్రెంచి నేర్పే ఒకావిడ కనిపిస్తే ఆ మాటలు ఆవిడకి వినిపించాడు. ఆవిడ మళ్లీ మళ్లీ చెప్పించుకుని, "ఇందులో ఒక్క మాట కూడా నాకు తెలియట్లేదండీ," అంది. ఇంటికొచ్చే దారిలో బాబాయి అన్నాడు, "అనుకుని అనుకుని ఆ మాటల్ని నేనే అరగదీసేశాను."

వేసవిలో గాలి లేస్తే మిగతా వ్యాపారులు రాలే కాయ కోసం పరిగెత్తేవాళ్లు. ఈయన కాపలావాళ్ల కోసం పరిగెత్తేవాడు. ఆగిరిపల్లి తోటలో నాగమణి, ఆమె భర్త పాకలో ఉండి కాపలా కాసేవాళ్లు. వాళ్లని పాకలోంచి లేపి రేకుల షెడ్డులోకి తరలించేదాకా ఊరుకునేవాడు కాదు.

"చినుకులే కదండీ, షావుకారుగారూ," అనేవాడు నాగమణి భర్త.

"చినుకులే. లే."

చాలాసార్లు ఏమీ అయ్యేది కాదు. పాక అలాగే నిలబడి ఉండేది. జనం నవ్వేవారు. నాతో మాత్రం, "ఎవరైనా అరిస్తే అర్థమయ్యేదాకా కూర్చోకమ్మా. ముందు లే," అనేవాడు. ఆ మాట వల్ల నేను జీవితంలో చాలాచోట్ల సమయానికి లేచాను. అందుకు ఆయనకి ఎప్పుడూ కృతజ్ఞతలు చెప్పలేదు.

పెద్దకర్మ అయిన వారానికి ఒక సాయంత్రం గాలి లేచింది. పిన్ని చెప్పులేసుకుని నిలబడింది.

"నెల తిరక్కుండా గడప దాటకూడదంటారు పిన్నీ."

"నాగమణి వాళ్లిద్దరూ తోటలో ఉన్నారే. ఎవరో ఒకరం వెళ్లాలి కదా," అంది.

నేను కారు తీశాను. మేం వెళ్లేసరికి ఇద్దరూ షెడ్డులోనే ఉన్నారు. "మేమే వచ్చేశామమ్మా," అంటూ నాగమణి ఏడ్చింది. ఆమె భర్త బయట పడుతున్న వానని చూస్తూ, "ఇలాంటప్పుడు నా చేత కేకలు వేయించేవారండి," అన్నాడు.

"కేకలేంటి?" అంది పిన్ని.

"నన్ను తోట చివర వాగు వైపు పంపి, ఆయన ఇక్కడ కళ్లు మూసుకుని నిలబడేవారండి. కేకెయ్యి అనేవారు. ఇంకొంచెం దూరం పోయి అరవమనేవారు. వినబడకుండా పోయేదాకా."

"ఏమని అరవమనేవారు?"

"ఏదైనా సరే అనేవారండి. నా పేరే అరిచేవాణ్ణి."

ఇది మాకెవరికీ తెలియదు. వంతెన తెగినప్పుడు ఆ ముసలాయన కేక వేసి ఉంటే, రోడ్డు మీద నిలబడ్డ తనకి వినబడి ఉండేదా అని బాబాయి ఇన్నేళ్లూ ఈ తోటలో తేల్చుకుంటున్నాడన్నమాట. ఏం తేలిందో ఎవరికీ చెప్పలేదు.

"ఎక్కడిదాకా వినబడేది?" అని అడిగింది పిన్ని.

అతను వాగు దగ్గర వంగిన చెట్టు చూపించాడు. పిన్ని కుచ్చెళ్లు పైకి పట్టుకుని, రాలిన కాయల మధ్య అడుగులు వేసుకుంటూ వానలోకి వెళ్లింది. నాగమణి గొడుగు తీసుకుని వెంట వెళ్లబోతే భర్త ఆపాడు. చెట్టు దగ్గర పిన్ని మా వైపు కాకుండా వాగు వైపు తిరిగి నిలబడింది.

"ఏమండీ!"

మాకు వినబడింది. పిన్ని ఇంకాస్త ముందుకి నడిచి మళ్లీ పిలిచింది. సన్నగా అదీ వినబడింది. ఇంకా నడిచింది. చెట్ల మధ్య నీలం చీర ఆగింది, తల కొంచెం పైకి లేచింది. ఈసారి మాకు వాన చప్పుడే వినబడింది.