మా సుశీలక్క ఆ మిషన్‌లకు పోయిన రోజు

"మామా, అమ్మ పోయింది" అన్నడు మా మేనల్లుడు శ్రీను, నిన్న పొద్దుగాల ఫోన్‌ల.

"ఏడికి?" అని అడిగిన.

నిజంగ గట్లనే అడిగిన. వాడు ఏడుస్తాంటె గప్పుడు సమజైంది.

ఇప్పటిదాంక కండ్లల్ల నీళ్లు రాలె. చాయ్ ఇస్తె తాగిన. టీవీ ముందట కూసున్న. ఏం చూసిన్నో తెల్వదు.

సుశీల మా అక్క. వరంగల్ బజార్ల బావతోటి కిరాణం దుకాణం నడిపింది.

డెబ్బైలల్ల, శ్రీను పుట్టినంక, అక్కకు నాలుగు మెట్లెక్కితె ఆయాసం. మద్రాసు తీస్కపోతె గుండె ఆపరేషన్ చేసి మెటల్ వాల్వ్ పెట్టిండ్రు.

దుకాణంల ఎవ్వరు మాట్లాడకపోతె అక్క గుండెలకెల్లి టిక్కు టిక్కు వినవడేది. "గడియారం ఏడ పెట్టినవమ్మా?" అని గిరాకులు అడుగుతుండె. అక్క నవ్వి తక్కెడల పప్పు జోకేది.

ఎనభైల చివర్ల కాళ్లు తిమ్మిర్లు. మెల్లగ నడకే బందైంది. వెన్నుల ఏమో ఉన్నది, ఎమ్మారై అని కొత్త మిషన్ వచ్చింది, అండ్ల తెలుస్తదన్నరు డాక్టర్లు.

మల్ల మద్రాసు పోయినం. అక్క, బావ, నేను.

ఒంట్ల మెటల్ ఏమన్న ఉన్నదా అని ఇంగ్లీషుల అడిగిండ్రు. నేను అక్క గుండె దిక్కు చూపిచ్చిన.

అందరు ఆగిండ్రు. ఆ మిషన్ అంటె పెద్ద అయస్కాంతమట.

"వద్దు, ఇంటికి పోదాం. వాల్వ్‌నే గుంజుకుంటె ఎట్ల?" అన్నడు బావ.

ఆపరేషన్ చేసిన డాక్టర్‌నే పిలిపిచ్చిండ్రు. ఈ రకం వాల్వ్‌కు ఏం కాదు, గుండె కొట్టుకునే జోరు ముందట ఆ గుంజుడు లెక్కనే కాదన్నడు. నేను తెలుగుల చెప్పిన.

అక్క తన కాళ్ల దిక్కు చూసింది.

"నడవకుంట ఎన్నేండ్లు బతకాలె నేను? పోత" అన్నది.

పుస్తెలతాడు, మెట్టెలు తీసి బావ చేతుల పెట్టింది. బావ మొఖం తిప్పుకున్నడు.

"ఏడ్వకు. నేను బతికే ఉన్న గద!"

అక్కను మిషన్‌లకు పంపిండ్రు. లోపల ధన్ ధన్ మని ఒకటే మోత. బయట బావ నా చెయ్యి ఇడువలె. నాకు దేవుని పేరు గూడ యాదికి రాలె.

బయటికొచ్చి అక్క అన్న మొదటి మాట: "ఆకలైతాంది."

వెన్నుల గడ్డ కనవడ్డది. తీసేసిండ్రు. అక్క మల్ల నడిసింది. తర్వాత మేడారం జాతరకు పోతె, ఆ జనంల మేమే వెనుకవడ్డం.

మొన్న రాత్రి పండుకున్నది, మల్ల లేవలె. నిన్న సాయంత్రానికల్ల దహనం గూడ అయిపోయింది.

"ధైర్యంగున్నవ్" అంటాండ్రు అందరు. ధైర్యం కాదు. నాకింక ఏం తెలుస్తలేదు.

అక్కా, పైలంగ పో.

ఏ నొప్పి లేకుంట సల్లగుండు.