ఈశాన్యాన నీళ్ళున్న ఇల్లు

ముందే చెప్పేస్తున్నాను, నాకు దెయ్యాలంటే నమ్మకం లేదు. ఏఎన్ఎంగా ఉద్యోగమంతా ఏజెన్సీ ఊళ్ళలోనే చేశాను. పురుళ్ళు పోశాను, ప్రాణం పోయినవాళ్ళ కళ్ళు మూశాను, శ్మశానం పక్క దారిలో ఒక్కదాన్నే నడిచి వెళ్ళాను. ఏ దెయ్యమూ నా కొంగు పట్టుకుని లాగలేదు. ఎవరికైనా గాలి సోకిందంటే ముందు జ్వరం చూసేదాన్ని, తర్వాత వాళ్ళని చీవాట్లు పెట్టేదాన్ని. అలాంటిదాన్ని కూర్చుని ఇది రాస్తున్నానంటే నామీద నాకే చిరాగ్గా ఉంది.

రిటైరయ్యాక నర్సీపట్నంలో ఇల్లు కొన్నాం. ఊరి శివార్లో కొత్త లేఅవుట్. కొనేముందు చూడాల్సినవన్నీ చూశామనే అనుకున్నాం. వీధిపోటు ఉందా, వంటిల్లు ఆగ్నేయంలో ఉందా, గుమ్మాలు సరిగ్గా ఉన్నాయా, అన్నీ సిద్ధాంతిగారిని పిలిపించి మరీ చూపించాం. ఆయన డాబా ఎక్కి, ప్రహరీ అవతల తళతళలాడుతున్న నీళ్ళు చూసి, "ఈశాన్యాన జలం! ఇంకేం కావాలమ్మా? కళ్ళు మూసుకుని కొనుక్కోండి" అన్నారు. నిజంగానే కళ్ళు మూసుకుని కొన్నాం.

ఆ నీళ్ళేంటని బ్రోకర్ని అడిగితే "గవర్నమెంటు చెరువండి" అన్నాడు. చెరువట! ఊళ్ళో డ్రైనేజీ అంతా వచ్చి పడే చెరువు. మురుగునీరు శుద్ధి చేసే ప్లాంటు అది.

ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు మీకు ముక్కులు లేవా అని అందరూ అడుగుతారు. ఉన్నాయండీ. కానీ మేం ఎప్పుడెళ్ళినా మంచి గడియ చూసుకుని వెళ్ళాం, ఆ మంచి గడియలన్నీ పొద్దున్నపూటే వచ్చాయి. అడ్వాన్సు ఇచ్చింది పొద్దున్నే, రిజిస్ట్రేషన్ పొద్దున్నే, పాలు పొంగించింది తెల్లారకముందే. పొద్దున్నపూట గాలి మా ఇంటి మీంచి ప్లాంటు వైపు పోతుంది. మధ్యాహ్నం దాటాక ఇటు తిరుగుతుంది. గృహప్రవేశం భోజనాల్లో చుట్టాలు ఒక్కొక్కరే విస్తళ్ళ ముందునుంచి లేచిపోతుంటే అప్పుడు తెలిసింది మాకు. ఆ బ్రోకరు కూడా అదే పంక్తిలో కూర్చున్నాడు. సిగ్గూశరం లేకుండా పెరుగన్నం దాకా తిని లేచాడు.

ఉన్నదంతా ఆ ఇంట్లోనే పోశాం కాబట్టి కదిలే దారి లేదు. అంతలో మా అమ్మాయి శిరీష పురిటికి వచ్చింది. తొలిచూలు. అసలు ఇల్లు కొనడానికి తొందరపడిందే దానికోసం. పిల్లకి అద్దె కొంపలో కాదు, సొంతింట్లో పురుడు పోయాలని నా పంతం. రావికమతంలో అత్తవారింట్లో హాయిగా ఉన్న పిల్లని తీసుకొచ్చి మురుగు పక్కన పడుకోబెట్టాను.

వచ్చిన మధ్యాహ్నం నుంచే వాంతులు. వేవిళ్ళ నెలలు ఎప్పుడో దాటిపోయాయి, ఇవి కంపుకి వచ్చే వాంతులు. కంచం ముందు కూర్చోవడం, గాలి తిరగడం, పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం. పొద్దున తిన్నది కూడా మధ్యాహ్నానికి బయటికి వచ్చేసేది. స్కానింగు తీసిన డాక్టరమ్మ, మాయ కిందకి ఉంది, ప్రయాణాలు వద్దు, మంచం దిగొద్దు అంది. బిడ్డ బరువు పెరగట్లేదు, తల్లి తినకపోతే మాత్రం చాలా కష్టం అని కూడా అంది. అంటే వెనక్కి పంపడానికీ లేదు, ఇక్కడ తినిపించడానికీ లేదు. ఎన్ని కొండ ఊళ్ళలో ఎంతమంది కడుపుతో ఉన్నవాళ్ళకి తిండి గురించి పాఠాలు చెప్పానో! నా కూతురి కడుపులో నాలుగు మెతుకులు నిలబెట్టలేకపోయాను. స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చేదాన్ని.

ప్లాంటు ఆఫీసుకి వెళ్ళాను. కాంట్రాక్టు వాళ్ళ సూపర్‌వైజరు ఒకడు అక్కడ కూర్చుని ఉన్నాడు. ముక్కుకి కర్చీఫు అడ్డం పెట్టుకునే, "వాసనేటండీ? ఏటీ లేదే! మీకలగ అనిపిస్తందంతే" అన్నాడు. కర్చీఫు తియ్యకుండా అన్నాడండీ ఆ మాట! నీళ్ళలోకి గాలి కొట్టే మిషన్లు వరసగా ఉన్నాయి, ఒక్కటీ తిరగట్లేదు. అదేంటని అడిగితే రిపేర్లో ఉన్నాయన్నాడు. ఎప్పటికవుతాయంటే పైవాళ్ళకి రాశామన్నాడు. పైవాళ్ళ దగ్గరికి వెళ్తే కిందవాళ్ళని అడగమన్నారు. మా ఆయన నా చెయ్యి పట్టుకుని లాక్కురాకపోతే ఆ రోజు అక్కడే ఏదో ఒకటి జరిగేది.

తర్వాత జరిగింది ఇది. ముందుగదిలో ఫ్యాను పాడైందని శిరీష మంచం వెనకగదిలోకి మార్చాం. ప్లాంటుకి అన్నిటికన్నా దగ్గర గది అదే, కిటికీ తీస్తే ఎదురుగా ఆ ప్రహరీయే. మధ్యాహ్నం గాలి తిరిగింది. ఇంకేముంది, మొదలవుతుందనుకుంటూ నేను బకెట్టు పట్టుకుని పరిగెత్తాను. పిల్ల మంచం మీద కూర్చుని చారన్నం తింటోంది. కిటికీ బార్లా తీసి ఉంది.

"అమ్మా, ఎవరో బెల్లం వండుతున్నారే. ఎంత బాగుందో! ఇంకాస్త అన్నం పెట్టు" అంది.

పిల్లకి మతి చలించిందనుకున్నాను. గడప దాటి లోపలికి వెళ్ళాను. బెల్లం. కళపెళ ఉడుకుతున్న పాకం, కింద చెరకు పిప్పి మంట, ఆ పొగ, పైన తేలే నురుగు. అన్నీ కలిసిన వేడి వేడి వాసన. గడప ఇవతలికి వస్తే మురుగు. అవతలికి వెళ్తే బెల్లం. అటూ ఇటూ పిచ్చిదానిలా తిరిగాను.

వెంటనే నమ్మేసే రకాన్ని కాదు నేను. వంటింట్లో బెల్లం డబ్బా తీసి వీధరుగు మీద పెట్టాను. స్టవ్వు ఆర్పాను. గది ఖాళీ చేసి కడిగాను. మర్నాడు గాలి తిరిగేసరికి మళ్ళీ అదే వాసన. మా ఆయనది కోటవురట్ల దగ్గర చెరకు రైతుల కుటుంబం, బెల్లం వండే పాకల్లో పెరిగిన మనిషి. ఆ గదిలో నిలబడి కళ్ళు మూసుకుని, "పాకం దించేటప్పుడు వచ్చే వాసనిది" అన్నారు. కానీ అది వానాకాలం. చెరకు ఇంకా నడుమెత్తు కూడా ఎదగలేదు, ఎవరు కొడతారు, ఎవరు వండుతారు? ఆయన స్కూటరేసుకుని చుట్టుపక్కల పొలాలన్నీ తిరిగొచ్చారు. ఎక్కడా పొయ్యి లేదు, పొగ లేదు.

అలా రోజూ వచ్చింది. మురుగు గాలి మొదలైతే ఆ గదిలో బెల్లం మొదలు. పిల్ల తినడం మొదలుపెట్టింది. చెంపలు నిండాయి. డాక్టరమ్మ బిడ్డ బరువు పెరుగుతోందంది, ఏం పెడుతున్నావని నన్నడిగింది. చారన్నమేనన్నాను.

ఊరుకుంటారా జనం? వీధివీధంతా వచ్చి ఆ గడపలో నిలబడి వాసన చూసిపోయారు. ఒకావిడ నిమ్మకాయలు కట్టింది, నేను పీకి పారేశాను. పూర్వం ఆ నేలలో బెల్లం వండేవారేమో, ఎవరైనా పాకంలో పడి చనిపోయారేమో అని తలా ఒక కథ అల్లారు. మా ఆయన ఆ భూమి అమ్మిన రైతుని వెతికి పట్టుకుని అడిగారు. అది తాతల నాటి నుంచీ జీడితోటట. అక్కడ చెరకు ఊసే లేదు, ఎవరూ పోలేదు.

ఒకరోజు ఆ సూపర్‌వైజరు కూడా వచ్చాడు. గడపలో నిలబడి గట్టిగా గాలి పీల్చి, "నిజమేనండోయ్! బెల్లమే! ఇక్కడెవరో ఉన్నారండి, శాంతి సేయించండి" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. గోడ అవతల టన్నులకొద్దీ ఉన్న మురుగు వీడి ముక్కుకి ఆనలేదట, ఎక్కడా లేని బెల్లం ఆనిందట! "నీ ముక్కు బాగానే పనిచేస్తోంది కదరా, పోయి ఆ మిషన్లు తిప్పు!" అని అరిచాను. దెయ్యం పట్టిందేమోనన్నట్టు నావైపు చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

బ్రోకరు ఇంకో అడుగు ముందుకేశాడు. పొద్దున్నపూట ప్లాట్లు చూడ్డానికి వచ్చినవాళ్ళకి డాబా మీంచి "మధ్యాహ్నం వచ్చి చూడండి, మధ్యాహ్నం రండి" అని నేను కేకలేస్తుంటే, "ఆవిడ మాట పట్టించుకోకండి, ఆ ఇంట్లో గాలుంది" అని వాళ్ళకి చెప్పాడు. ఆ మాట అనే మనిషికి మురుగు సంగతి చెప్పడానికి నోరు రాలేదు చూడండి.

నెలలు నిండాక ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి బిడ్డని తీశారు. ఆడపిల్ల. చక్కటి బరువుతో, గుక్కపట్టి ఏడుస్తూ పుట్టింది. దాన్ని ఎత్తుకుని ఇంటికొచ్చి, ముందు ఆ వెనకగదిలోకే వెళ్ళాను. మురుగు కంపు. అంతే. బెల్లం లేదు, ఆ తర్వాత మళ్ళీ రాలేదు. నెలలపాటు ఉంచుకోవాల్సిన బాలింతని కుట్లు మానగానే రావికమతం పంపేశాను. మనవరాలు నా ఇంట్లో పాకే ముచ్చట నాకు దక్కలేదు.

ఇక మరిచిపోదామనుకుంటుండగా మొన్న రెండిళ్ళ అవతలివాళ్ళ కోడలుపిల్ల కబురు పెట్టింది. అయిదో నెల. బీపీ చూడమంది. కంపుకి అన్నం సయించక ఆ పిల్లా ఎండిపోతోందని నాకు తెలుసు. నన్ను చూడగానే చిన్నగా, "అత్తా, మా వంటింట్లో... నిన్నటినుంచి బెల్లం..." అంది. మా ఇంటి కథ విని అలా అనుకుంటోందిలే అనుకున్నాను. ఆ వంటింటి గడప దాటాను. అదే వాసన. వేడి వేడిగా, అదే.

నాకు భయం వెయ్యలేదు. ముందు ఏడుపొచ్చింది, వెనకే ఒళ్ళు మండింది. ఎవరో, ఏమిటో, ఉన్న మనిషో పోయిన మనిషో, అసలు మనిషేనో కాదో! నేను నేర్చుకున్న ఏ చదువూ దీనికి జవాబు చెప్పలేదు, ఇక చెబుతుందన్న ఆశ కూడా లేదు. తెలిసిందల్లా ఒక్కటే. జీతాలు తీసుకునేవాళ్ళు చెయ్యాల్సిన పని ఇంకెవరో చేస్తున్నారు. ఈ లేఅవుట్లో నెలకొక ఇల్లు లేస్తోంది, ఇంటింటా కొత్త కాపురాలే. ఆ బెల్లం వండే ఆవిడెవరో గానీ ఒక్కతే, ఎన్నిళ్ళకని వండుతుంది?