మా తోడికోడలి ప్రోగ్రామింగ్ చదువు

మా తోడికోడలు టైలరు. ఒకసారి ఆమె షాపులో నేను బొత్తాలు కుడుతుండగా ఒకావిడ కొత్త కోటు పట్టుకొచ్చి, వదులుగా కుట్టి గుడ్డంతా పాడు చేశావని ఒంటికాలి మీద లేచింది. మా తోడికోడలు గొంతు పెంచలేదు. ఆవిడ కొలతకని ఇచ్చిన పాత కోటు బల్ల మీద పరిచి, దాని మీద కొత్తది పరిచింది. భుజం మీద భుజం, కుట్టు మీద కుట్టు. వెంట్రుకవాసి తేడా లేదు.

"మీరిచ్చిన కొలతకే కుట్టానండీ. మీరు చిక్కిపోయారని పాత కోటు నాతో చెప్పలేదు," అంది.

షాపులో అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. తర్వాత ఇంకో కోటుకు గుడ్డ కూడా తెచ్చింది. అదే మాట నేను అని ఉంటే వీధంతా రచ్చయ్యేది. ఆమె నోట్లోంచి వచ్చింది కాబట్టి పొగడ్త అయింది.

ఆమె నా మరిది భార్య. నా తర్వాత ఈ ఇంటికొచ్చింది. కింద వాటా మాది, పై వాటా వాళ్లది. నా చదువు మూడో తరగతితో సరి. అది నా తెలివి తక్కువై కాదు, మా నాన్న నిర్ణయం. ఆమె మాత్రం ఎప్పుడో వదిలేసిన పరీక్షలు ఒక్కొక్కటే కట్టి, జుట్టు నెరిశాక యూనివర్సిటీలో చేరింది. అందులోనూ ప్రోగ్రామింగట. కంప్యూటరు ఏం చెయ్యాలో వరుసగా రాసిస్తే అది చేస్తుందట. ఒక కొలత ఇస్తే చిన్న సైజు నుంచి పెద్ద సైజు దాకా కటింగులన్నీ అదే గీసిపెట్టేలా తయారు చేయాలని ఆమె కోరిక.

చేరిన రోజు నుంచి ఇంట్లో ఆమె వైభవం చూడాలి. కూరగాయలకు వెళ్లినా మెడలో యూనివర్సిటీ కార్డు. మా ఆయన "మరదలు చదువుకుంటోంది, టీవీ తగ్గించు" అంటాడు. నేను జ్వరంతో పడుకున్నప్పుడు ఆ టీవీ ఎన్నడూ తగ్గలేదు.

మొదటి క్లాసు నుంచి వస్తూనే నా వంటగదిలో కూర్చుని రూల్సు చదివి వినిపించింది. ఆలస్యంగా ఇస్తే మార్కులు కోస్తారు. ల్యాబులో ఫోను ముట్టకూడదు. ఎలా చెయ్యాలో ఎవరితోనైనా మాట్లాడవచ్చు, రాసేది మాత్రం ఎవరిది వాళ్లే రాయాలి. కాపీ జరిగితే ఇద్దరికీ సున్నా. అడిగినప్పుడు తాము రాసిన ప్రతి వరుసా ఎందుకు రాశారో నోటితో చెప్పాలి. చెప్పలేకపోతే అది వాళ్లది కానట్టే, కోర్సు నుంచి బయటికి.

"ఇచ్చినవాళ్లకి కూడా సున్నానా?" అన్నాను చిక్కుళ్లు తుంచుతూ.

"ఇద్దరికీ అక్కా. ఇంత తేలిక రూలు ఎవరు మర్చిపోతారు?"

ఆమే మర్చిపోయింది. మర్చిపోయిందనడం కంటే, టైలర్ల పద్ధతి ఆమె ఒంట్లోంచి పోలేదనాలి. ఒకరు కాలరుకు మంచి కటింగ్ కాగితం తయారు చేసుకుంటే పక్క షాపువాళ్లు అడిగి తీసుకుంటారు, తమ గుడ్డ మీద పెట్టి కత్తిరించుకుంటారు. దాన్నెవరూ దొంగతనం అనరు. ఇవ్వనివాళ్లనే పిసినారి అంటారు. క్లాసులో పక్కన కూర్చునే అమ్మాయి తనది పనిచేయడం లేదని ఏడుపు మొహం పెట్టేసరికి, ఈవిడ తన ప్రోగ్రామంతా పంపేసింది. ఆ పిల్ల దాన్నే అక్కడక్కడా పేర్లు మార్చి ఇచ్చేసింది.

రెండూ ఒకేలా ఉన్నాయని పాఠం చెప్పే మేడమ్ ఇద్దరినీ రమ్మంది. వాన పడుతోంది, గొడుగు పడతానని నేనూ వెళ్లాను. ఆ గదేమిటో చూడాలని కూడా ఉంది. బారులుగా కంప్యూటర్లు, చక్రాల కుర్చీలు, చెప్పుల చప్పుడు కూడా వినిపించని మెత్తటి నేల. ఇలాంటి చోట ఈమెకు రోజూ కుర్చీ ఉంటుందన్నమాట. మేడమ్‌కు మా ఇంటి ఆడపిల్లల వయసే ఉంటుంది.

"ఎవరు రాశారు ఇది?"

"నేనే మేడమ్. మా పనిలో అడిగితే ఇచ్చేస్తాం. అలవాటుగా ఇచ్చాను," అంది మా తోడికోడలు.

"కాదు మేడమ్, నేనే రాశాను," అంది ఆ పిల్ల నేల చూస్తూ.

ఇప్పుడు చూడాలి మా తోడికోడలి నోరు అనుకున్నాను. కొంగలా నిలబడిపోయింది. ఎప్పుడూ నెగ్గే మనిషి తలవంచుకుంటే నాకు చల్లగా ఉంది. ఏసీ వల్లే అనుకుందాం.

"సున్నా ఇద్దరికీ తప్పదు ఆంటీ," అంది మేడమ్. "రేపు పొద్దున ఇద్దరూ విడివిడిగా వచ్చి వరుస వరుసా వివరించండి. చెప్పగలిగినవాళ్లు కోర్సులో ఉంటారు."

బస్సులో ఆమె తనలో తనే చెప్పుకుంటూ వచ్చింది. రెండు మాటలు చెప్పడం, ఆగిపోవడం, మళ్లీ మొదటికి రావడం.

"చేతికొచ్చింది నోటికి రావడం లేదు అక్కా. ఆవిడ ముందు నాలుక పిడచగట్టుకుపోతుంది."

"నువ్వే రాశావుగా, భయమెందుకు?"

"రాసేటప్పుడు ఎవరూ ఎందుకని అడగలేదుగా."

దీపాలు పెట్టే వేళకు కంప్యూటరు పట్టుకుని కిందికొచ్చింది. నేను గిన్నెలు తోముతున్నాను.

"మీ బావగారి దగ్గరికి వెళ్లు. చదువుకున్నాయన," అన్నాను వెనక్కి తిరగకుండా.

"బావగారు అర్థం కాకపోయినా తలూపుతారు. నువ్వు ఊపవు. కొత్తలో కూరలో ఉప్పు ముందెందుకు వేశావని నన్ను పూటంతా నిలదీశావు. పనయ్యాక నా ఎదురుగా వచ్చి కూర్చో. ఒక్కో వరుసా చెబుతాను. ప్రతిదానికీ ఎందుకని అడుగు. తడబడితే జాలిపడకు. నాకేమీ రాదని తేల్చెయ్యాలన్నంత కసిగా అడుగు అక్కా, నువ్వైతే అడగగలవు."